పడుగు తరువాతనే పేక

నాగర్‌కర్నూలు పేరునుగూర్చి ఆ ప్రాంతమున ఒక కథ చెప్పుకొందురు. పూర్వము సరకుల బండ్లు ఆ దారిని పోవునప్పుడు బండివాండ్రు అక్కడ ఆగి, కందెన కొని, ఇరుసులకు పూసికొని ముందుకు సాగెడివారట. కందెన దొరకు ఊరు గనుక కందనూలు అయినదట. నాగన, కందన అను ఇద్దరు సోదరుల పేర్లనుండి ఆ పేరు వచ్చినదని మరొక కథయు కలదు. తుంగభద్ర ఒడ్డున ఉన్న కర్నూలుకును ఇటువంటి కందెన కథయే ఉన్నది. అలంపురము గుడులకు రాళ్లు తోలిన బండ్లు ఏరు దాటుటకు ముందు అక్కడ ఆగెడివని చెప్పుదురు.

ఈ కథలలో చరిత్ర పాలెంత, కల్పన పాలెంత అను విచారణను పండితులకు వదలుదము. ఒక్క సంగతి మాత్రము మనకు చాలును. బండివాడు కందెనకు పెట్టిన కాసును దండుగ అనుకొనలేదు. ఆగిన గడియను ఆలస్యమనుకొనలేదు. ఎండిన ఇరుసుతో ఏటిలో దిగిన బండి ఏమగునో అతనికి తెలియును.

చిన్న వ్యాపారము పెట్టుకొనవలెనని తలచువారు నేడు ప్రతి ఊరిలోను ఉన్నారు. మగ్గము వేయవలెనని ఒకరు, నూనె గానుగ పెట్టవలెనని ఒకరు, కుట్టుపని అంగడి తెరువవలెనని ఒకరు. వారిలో పెక్కుమంది అంగడి తెరచిన దినమునే వ్యాపారమునకు మొదటి దినముగా భావింతురు. చరిత్ర అట్లు చెప్పుటలేదు. నిలిచిన వ్యాపారములకు అసలు మొదటి దినము అంతకు ఎంతో ముందే గడచి ఉండును. ఈ మాటకు సాక్ష్యము వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగములై ఉండి, 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలుగా ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలే చాలును.

మొదట గద్వాలను చూతము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నేలను నడిగడ్డ అందురు. గద్వాల సంస్థానాధిపతులు కవిపండితులను పోషించిరి. నేతపనికిని ఆదరము చూపిరి. సంస్థానమునకు చివరి పాలకురాలైన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ నేతగాండ్రకు ఇచ్చిన ప్రోత్సాహమును ఆ ఊరివారు నేటికిని తలచుకొందురు. రాజాదరణ అనగా కేవలము బహుమానములు, శాలువలు కావు. వ్యాపారి కన్నుతో చూచినచో దానికి వేరొక అర్థము కలదు. నేసిన బట్టకు కొనువారు ముందే ఉన్నారు. ఎటువంటి బట్ట కావలెనో ముందే తెలియును. సొమ్ము వచ్చునను నమ్మకము కలదు. వ్యాపారమునకు కావలసిన సన్నాహములో కష్టమైన భాగమును సంస్థానమే మోసినది. నేతగాడు తన హస్తకౌశలమును మాత్రము తెచ్చెను.

ఆ కాలపు పద్ధతికి ఒక చక్కని నిదర్శనము నేటికిని కన్నులముందున్నది. తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవములకు గద్వాలనుండి ఏరువాడ జోడు పంచెలు సమర్పించు ఆచారము కలదు. సంస్థానము పోయినను ఆచారము పోలేదు. 11 గజముల పొడవుగల ఆ పంచెలను నేతగాండ్రు 41 దినములు నియమనిష్ఠలతో నేయుదురు. ఇది భక్తి విషయము. అయినను ఇందులో వ్యాపారస్థుడు నేర్చుకొనవలసిన పాఠమును ఉన్నది. ఉత్సవము మన కొరకు ఒక్క దినమైనను ఆగదు. కనుక ఆ దినమునుండి వెనుకకు లెక్కించుకొని, ఎప్పుడు నూలు సిద్ధము కావలెనో, ఎప్పుడు మగ్గము ఎక్కవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. పెండ్లిండ్ల కాలమునకు చీరలు అమ్మదలచినవాడు పెండ్లిండ్లు మొదలైన పిమ్మట నూలు కొనబోయినచో అతని చీర అంగడికి చేరునప్పటికి ముహూర్తములు ముగిసియుండును.

ఇక మగ్గము దగ్గరకు పోవుదము. గద్వాల చీరను చూడని తెలుగు ఇల్లాలు అరుదు. ఒడలు నూలు, అంచులును పైటకొంగును పట్టు, వానిలో జరీ పని. నూలు ఒడలికి పట్టు అంచును కుట్టలేదు, అంటించలేదు. నేతలోనే ఒడలి పేకపోగును అంచు పేకపోగును ఒకదానినొకటి పెనవేసికొని ముందుకు సాగును. ఈ నేతను కుప్పడమనియు తిప్పడమనియు పిలుతురు. ఒడలికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తము మూడు నాడెలు నడువవలెను. అందువలన నేతగానికి తోడుగా మరియొకరు కూర్చుండుట పరిపాటి. పైటకొంగు వద్ద నూలు పడుగు పోగులకు పట్టు పడుగు పోగులను చేతితో అతుకవలెను. ఇంత పని ఉన్న చీర ఒక వారము దినములు మగ్గముమీద ఉండుటలో వింత లేదు.

చూచువారికి కనబడునది నాడె ఆట మాత్రమే. ఆ నాడె ఆడుటకు ముందు జరిగిన పని కనబడదు. నూలు తెచ్చి, తడిపి, రంగు వేసి, ఆరబెట్టవలెను. రాట్నముపై కండెలు చుట్టవలెను. ఆసు పోయవలెను. పడుగును చాచి, గంజి పట్టించి, పోగు పోగును విడదీయవలెను. పిమ్మట మగ్గముమీద మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకవలెను. వేలకొలది పోగులలో కొన్ని తప్పిపోయినచో ఆ తప్పు చీర పొడవునా కనబడును. పేకలో తప్పు వచ్చినచో విప్పి మరల నేయవచ్చును. పడుగులో తప్పు వచ్చినచో దానిని దిద్దుట కష్టము.

వ్యాపారములోను ఇంతే. అమ్మకములో జరిగిన తప్పును రేపు దిద్దుకొనవచ్చును. సన్నాహములో జరిగిన తప్పు మాత్రము వ్యాపారము పొడవునా వెంట వచ్చును.

ఇప్పుడు చరిత్రలోని ఒక మలుపునకు వత్తము. 1949లో హైదరాబాదు రాష్ట్రమున జాగీరుల రద్దు జరిగినది. సంస్థానములు చరిత్రలో కలిసినవి. ప్రజలకు అది మేలైన మార్పు, సందేహము లేదు. అయితే ఇన్నాళ్లు సంస్థానము మోసిన బరువు నేతగాని భుజముపై పడినది. కొనువారిని తానే వెదకుకొనవలెను. మైసూరు సీమ పట్టు, సూరత్ జరీ, సన్న నూలు తానే కొనితెచ్చుకొనవలెను. చేతిలో పెట్టుబడి లేని నేతగాడు సహజముగా షావుకారు వద్దకు పోయెను. షావుకారు నూలు ఇచ్చును, పట్టు ఇచ్చును, నమూనా ఇచ్చును, నేసినందుకు కూలి ఇచ్చును. చీర మాత్రము షావుకారుది.

ఈ పద్ధతిని కేవలము దోపిడి అని కొట్టివేయుట సులభము. కాని షావుకారు చేయుచున్నదేమో మనము గమనింపవలెను. అతడు ఆరునెలల ముందుచూపుతో నూలు కొనుచున్నాడు. ఏ పట్టణమున ఏ రంగు అమ్ముడగునో తెలిసికొనుచున్నాడు. అరువు ఇచ్చి, నెలలకొలది వేచి, బాకీ వసూలు చేసికొనుచున్నాడు. అమ్ముడుగాని సరకు నష్టమును భరించుచున్నాడు. నేతగాడు స్వతంత్రుడు కాదలచినచో ఒక మగ్గము కొన్నంత మాత్రమున చాలదు. షావుకారు చేయు ఈ పనులన్నియు చేయుటకు సిద్ధపడవలెను. ఇది తెలియక మగ్గముతో స్వాతంత్ర్యము వచ్చినదనుకొన్నవారు కొలది కాలములోనే మరల కూలికి చేరిరి.

ప్రభుత్వము చేయూతనిచ్చుటకు పూనుకొన్నది. 1952లో అఖిలభారత చేనేత బోర్డు ఏర్పడినది. 1953లో మిల్లు వస్త్రముపై అదనపు సుంకము విధించి, ఆ సొమ్మును ఖద్దరు, చేనేతల అభివృద్ధికి వినియోగించుటకు చట్టము వచ్చినది. సహకార సంఘములు నెలకొన్నవి. ఒక్కనివల్ల కాని సన్నాహమును పదిమంది కలిసి చేసికొనుటయే సహకారమునకు మూలసూత్రము.

ఆ సూత్రమునకు జన్మస్థానముగా చెప్పుకొను ఊరిలోను నేతగాండ్రే ముందు నిలుచుట విశేషము. ఇంగ్లండులో రాచ్‌డేల్ అను మిల్లుల పట్టణము కలదు. 1844లో అక్కడి శ్రామికులు 28 మంది తమ సొంత అంగడి పెట్టుకొనదలచిరి. వారిలో పలువురు నేతపనివారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పౌనుచొప్పున 28 పౌనులు మూలధనము కావలెను. ఆ ఒక్క పౌను ఒక్కసారి ఇచ్చుకొనుటకు వారికి శక్తి లేదు. వారమునకు రెండు మూడు పెన్నీలు చొప్పున నెలలకొలది కూడబెట్టిరి. ఆ నెలలలోనే నియమములు వ్రాసికొనిరి. అరువు ఇయ్యరాదు, కొలతలో మోసము ఉండరాదు, సరకు కల్తీ కారాదు, లాభమును కొనుగోలునుబట్టి పంచవలెను అని నిశ్చయించుకొనిరి. 1844 డిసెంబరు 21 సాయంకాలము అంగడి తెరచునప్పటికి వారి వద్దనున్న సరకు ఎంత? గోధుమపిండి, ఓటుపిండి, వెన్న, పంచదార, క్రొవ్వొత్తులు. అంతే. చూడవచ్చినవారు నవ్విరి. ఆ నవ్వినవారి అంగడులు నేడు ఎవరికిని జ్ఞాపకము లేవు. రాచ్‌డేల్ నియమములు మాత్రము ప్రపంచమంతట సహకార సంఘములకు ఒరవడి అయినవి. సరకు కొంచెమే కాని, దాని వెనుకనున్న సన్నాహము గట్టిది.

ఈ సన్నాహములో లెక్క అను భాగమును మన ఇండ్లలో ఎక్కువగా ఉపేక్షింతుము. దానిని ఒక ఉదాహరణముతో విశదపరచెదము. ఇందలి అంకెలు లెక్క పద్ధతి తెలియుటకు మేము ఎన్నుకొన్నవే. ధరలు ఊరినిబట్టి, నెలనుబట్టి మారును. ఒక నేతగాడు రెండు మగ్గములతో సొంత వ్యాపారము ఆరంభింపదలచినాడనుకొందము. మగ్గమునకు నెలకు నాలుగు చీరలు, రెంటికి కలిపి ఎనిమిది. చీరకు నూలు, పట్టు, జరీ, రంగులకు 2,500 రూపాయలు. నెలకు 20,000. తోడుపనివారి కూలి నెలకు 6,000. ఇంటి ఖర్చు నెలకు 12,000. మొత్తము నెలకు 38,000. పట్టణములోని అంగడివారు చీర తీసికొన్న మూడు నెలలకు గాని సొమ్ము ఇయ్యరనుకొనుడు. మొదటి సొమ్ము చేతికి వచ్చులోపల అతడు వెచ్చింపవలసినది 1,14,000 రూపాయలు. మగ్గముల ఖరీదు ఇందులో చేరలేదు.

మగ్గమునకు మాత్రము అప్పు తెచ్చుకొని ఆరంభించినవాడు రెండవ నెలలోనే చేతులు కట్టుకొని కూర్చుండును. అతని చీర చెడ్డది కాదు, అతని పనితనములో లోపము లేదు. అయినను అతడు మునుగును. అతనిని ముంచినది సొమ్ము పోవుటకును వచ్చుటకును నడుమనున్న మూడు నెలల కాలము. 2015లో వచ్చిన ముద్రా పథకములో శిశు తరగతి ఋణము 50,000 రూపాయలవరకే. ఆపై 5 లక్షలవరకు కిశోర తరగతి. పై లెక్క వేసికొనినవాడు తనకు ఏది కావలెనో బ్యాంకులో స్పష్టముగా అడుగగలడు. లెక్క వేయనివాడు ఇచ్చినది పుచ్చుకొని వచ్చును.

మన పెద్దలు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములు ఉంచెడివారు. ఏ దినపు రాకపోకలు ఆ దినమే చిట్టాలో, ఒక్కొక్క ఆసామి పద్దు ఆవర్జాలో. గద్వాల, వనపర్తి సంస్థానముల రూకలు వేరుగా చెలామణి అయిన కాలమున వర్తకుడు నాణెపు మారకపు ధరకూడ చూచుకొని వ్రాయవలసియుండెను. ఆ చిక్కు నేడు మనకు లేదు. వ్యాపారము మొదలుపెట్టిన పిమ్మట కాక, మూడు నెలల ముందే ఇంటిఖర్చులతో చిట్టా వ్రాయుట అభ్యసించినచో, తన సంసారము నెలకు ఎంత తినుచున్నదో మనిషికి తెలియును. ఇది తెలియని వ్యాపారము ఏదియు మిగులదు. ఇంటి సొమ్మును అంగడి సొమ్మును ఒకే సంచిలో వేసినవానికి తాను లాభములో ఉన్నాడో నష్టములో ఉన్నాడో తెలియదు.

సన్నాహము నేతకే కాదు, ఋతువుతో ముడిపడిన వ్యాపారములకు మరింత ముఖ్యము. దీనికి వనపర్తి మంచి ఉదాహరణము. వనపర్తి ప్రభువులు వ్యవసాయమునకు చెరువులే ఆధారమని గుర్తించిరి. సప్తసముద్రములని పేరొందిన పెద్ద చెరువులు ఆ సీమలో వెలసినవి. శ్రీరంగాపురము గుడిని ఆనుకొనియున్న రంగసముద్రము వానిలో ఒకటి. వాన రాకముందే కట్ట సిద్ధముగా ఉన్నచో వచ్చిన నీరు నిలుచును, వాన వచ్చిన పిమ్మట కట్ట వేయబూనినవానికి బురద మాత్రమే మిగులును. 1959లో వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్ ఆరంభమైనది. రాజు నివసించిన సౌధమున పేదల బిడ్డలు యంత్రవిద్య నేర్చిరి. చెరువు నేలకు సన్నాహమైనట్లే విద్య చేతికి సన్నాహము.

ఈ సీమలో వేరుసెనగ ప్రధానమైన పంట. యాసంగి కాయ చలికాలము చివర అంగడికి వచ్చును. నూనె గానుగ పెట్టినవాడు ఆ కొలది వారములలో కాయ కొని, ఏడాది పొడవునా నూనె అమ్మవలెను. అనగా గానుగ ఖరీదుకంటె కాయ కొనుటకు కావలసిన సొమ్మే ఎక్కువ కావచ్చును. కాయ బాగుగా ఎండినదో లేదో చూచు నేర్పు కావలెను. తడి తగులని గిడ్డంగి కావలెను. తేమతో నిలువచేసిన కాయకు బూజు పట్టును. ఆ బూజునుండి పుట్టు ఆఫ్లటాక్సిన్ అను విషము ఆరోగ్యమునకు హాని చేయును, సరకును అమ్ముడుగాకుండ చేయును. యంత్రము కొనుటకు ముందు ఒక ఏడాది ఆ అంగడిలో తిరిగి, కాయ ఎప్పుడు ఎంత ధర పలుకునో వ్రాసికొనినవాడు యంత్రముకంటె విలువైన వస్తువును సంపాదించినట్లే.

ఇంత చేసినను ఆపద రాదా అని మీరు అడుగవచ్చును. వచ్చును. 2009 అక్టోబరు ఆరంభమున కృష్ణా తుంగభద్రలు పొంగినవి. తుంగభద్ర ఒడ్డునున్న రాజోలి నేతపనికి పేరొందిన ఊరు. ఆ ఊరు మునిగినది. గుంటమగ్గములు నేలలో ఉండును గనుక నీరు మొదట చేరినది వానిలోనే. పడుగులు, నూలు, సగము నేసిన చీరలు బురదపాలైనవి. అట్టి వరదను ఏ నేతగాడును ఆపలేడు. కాని వరద అనంతరము మరల నిలువగలుగుటకు కావలసినవి కొన్ని కలవు. సరకుకు బీమా ఉన్నదా? తనకు రావలసిన బాకీల పద్దు సురక్షితముగా ఉన్నదా? నేతగాడని రుజువుపరచు గుర్తింపు పత్రము ఉన్నదా? బ్యాంకులో కొంత నిలువ ఉన్నదా? సహాయము పంచునప్పుడు పేరు పట్టికలో ఉన్నవానికే ముందు అందును. ఇవన్నియు పొడినేలమీద ఉన్నప్పుడు చేసికొనవలసిన పనులు.

కాగితముల పని అనగానే మనవారికి విసుగు. అయినను దాని విలువను గద్వాల చీరయే చెప్పుచున్నది. 1985 చట్టము కొన్ని రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించినది. అయినను మరమగ్గపు అనుకరణలు అంగడిని ముంచెత్తుచునే ఉన్నవి. 1999 చట్టము క్రింద గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరును వాడుకొను హక్కు గద్వాల నేతగాండ్రకు చెందినది. అయితే ఊరికి వచ్చిన గుర్తింపుతో సరిపోదు. ప్రతి ఉత్పత్తిదారుడును అధికృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకొనవలెను. 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. తాతలు సంపాదించిన పేరు కాగితముమీద మన పేరుతో చేరనప్పుడు దానిని అమ్ముకొనువాడు మరొకడగును.

చివరగా మరల నాగర్‌కర్నూలు వైపు చూతము. పాలమూరు కూలీల పేరు వినని ఆనకట్ట ఈ దేశమున అరుదు. ఈ సీమ పల్లెలనుండి స్త్రీపురుషులు గుంపు మేస్త్రీ ఇచ్చిన బయానా తీసికొని, దూరప్రాంతములకు పోయి, మన్ను తవ్విరి, రాయి మోసిరి. వారికి పునాది అనగానేమో ఎవరును చెప్పనక్కరలేదు. కట్టడమునకు కనబడు భాగముకంటె నేలలోనున్న భాగమునకే ముందు శ్రమపడవలెనని వారి చేతులకు తెలియును. పరుల కట్టడములకు అంత లోతుగా పునాదులు తవ్విన ఆ చేతులు తమ సొంత వ్యాపారమును మాత్రము బయానా సొమ్ముతో, తొందరతో, ఇసుకమీద నిలుపవలసి వచ్చుట న్యాయము కాదు. అప్పు తీర్చలేని చిన్న వ్యాపారి మరల గుంపులో చేరి ఊరు విడువవలసివచ్చును. ఒక అంగడి మూతపడుట అనగా ఒక ఇంటికి తాళము పడుటయే.

కనుక చిన్న వ్యాపారమునకు పూనుకొను ఇంటివారికి మేము చెప్పదలచినది ఇంతే. పని నేర్చుకొనుడు. కొనువారిని ముందే చూచుకొనుడు. సొమ్ము తిరిగివచ్చు కాలమును లెక్కింపుడు. ఇంటి పద్దును అంగడి పద్దును వేరుచేయుడు. పదిమందితో కలువుడు. కాగితములు సరిచూచుకొనుడు. ఆపదకు కొంత తీసిపెట్టుడు. ఇందుకు ఆరు నెలలు పట్టినను, ఏడాది పట్టినను, ఆ కాలము వ్యర్థము కాదు. ఇరుగుపొరుగువారు “ఇంకను మొదలుపెట్టలేదా?” అని అడుగుదురు. ఆసు పోయుచున్న నేతగానిని చూచి ఇంకను నేత మొదలుపెట్టలేదా అని అడిగినవానికి నేత సంగతి తెలియదని మనము గ్రహింపవలెను.